బ్లౌజ్ కటింగ్ ఛానెల్ పెట్టి 8 నెలలైంది, చూసేవారు నిలవడం లేదు: పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

తణుకు టైలరమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా తణుకు. 19 ఏళ్లుగా ఇంటి వసారాలోనే మిషను వేసుకుని జాకెట్లు కుడుతున్నాను. మా వీధిలో ఆడపిల్లలు నలుగురైదుగురు నా దగ్గరే కటింగ్ నేర్చుకుని ఇప్పుడు సొంతంగా కుట్టుకుంటున్నారు. వారిలో ఒకమ్మాయి "పిన్నీ, మీరు చెప్పినట్టు చెబితే ఎవరికైనా వచ్చేస్తుంది, యూట్యూబ్‌లో పెట్టండి" అని పట్టుబట్టి, నా ఫోనులోనే ఛానెల్ తెరిచి ఇచ్చింది. అది జరిగి 8 నెలలైంది.

ఇప్పటివరకు 64 వీడియోలు పెట్టాను. అందులో 40 షార్ట్స్, మిగిలినవి పెద్ద వీడియోలు. సబ్‌స్క్రైబర్లు 1,312 మంది ఉన్నారు. ఆ అంకె చూసి మొదట్లో చాలా సంతోషించాను గానీ, అసలు సంగతి వేరుగా ఉంది. బుట్టచేతుల మీద పెట్టిన ఒక షార్ట్‌ను 1,40,000 సార్లు చూశారు, దాని వల్లే దాదాపు 900 మంది వచ్చారు. ఇంకో 200 మంది వాట్సాప్ గ్రూపు ద్వారా వచ్చారు. "నా ఛానెల్‌కు మీరు సబ్‌స్క్రైబ్ చేయండి, మీ ఛానెల్‌కు నేను చేస్తాను" అనుకునేవారి గ్రూపు అది. ఇంతమంది ఉన్నా, కొలతలు తీయడం మొదలుకొని హుక్స్ కుట్టడం వరకు వివరంగా చెప్పిన 22 నిమిషాల వీడియో పెడితే 30 మంది చూస్తున్నారు, ఎప్పుడైనా 40 మంది. మొత్తం వీక్షణ గంటలు 61 అని చూపిస్తోంది. డబ్బు రావాలంటే 4,000 కావాలట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు వీడియోకే పోతున్నాయి. ఆ సమయంలో ఒక లైనింగ్ జాకెట్టు పూర్తయిపోతుంది. ఇంట్లో వారు పైకి ఏమీ అనడం లేదు గానీ, "ఇంకా ఎన్నాళ్లు" అన్న చూపు నాకు తెలుస్తూనే ఉంది. నేను చెప్పే విధానంలో లోపం ఉందా, తీసే విధానంలో ఉందా, లేక ఇలాంటి ఛానెళ్లు ఇప్పటికే వందల్లో ఉన్నాయి కాబట్టి కొత్తవారికి చోటు లేదా? అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పొలం గట్టు

అక్కా, నమస్కారం. నాది పల్నాడు, మిరప సాగు. నేను 2019లో ఛానెల్ పెట్టాను. కుట్టుపని గురించి నాకేమీ తెలియదు గానీ, మీరు పడుతున్న అవస్థ మాత్రం నాకు బాగా తెలుసు, ఎందుకంటే రెండేళ్లపాటు నేను కూడా ఇలాగే 50 మందికి వీడియోలు తీశాను.

నా తొలి వీడియోలన్నీ "ఈ రోజు మా పొలంలో" అన్న ధోరణిలో ఉండేవి. నారు పోయడం దగ్గర నుంచి కల్లంలో కాయ ఆరబెట్టడం వరకు అంతా చూపించేవాడిని. మీ 22 నిమిషాల వీడియో గురించి చదువుతుంటే నాకు అవే గుర్తుకొచ్చాయి. అందులో విషయం లేదని అనను. అన్నీ ఒకేచోట ఉండటం వల్ల, ఏదో ఒక్కటే కావలసిన మనిషి దాని దగ్గరికి రాలేడు.

2021 చలికాలంలో గుంటూరు, ఖమ్మం వైపు మిరప తోటల్లో నల్ల తామర పురుగు పడి ఎంత నష్టం చేసిందో మీరు కూడా విని ఉంటారు. అంతవరకు మాకు తెలిసిన తామర పురుగు ఆకుల్లో ఉండేది, ఇది పూతలో దూరింది. ఒక ఉదయం తోటలో నాలుగు పూలు కోసి, అరచేతిలో దులిపి, నల్లని చుక్కల్లా కదులుతున్న పురుగులను ఫోను బాగా దగ్గర పెట్టి తీశాను. ఎలా గుర్తుపట్టాలో, నీలం రంగు జిగురు అట్టలు ఏ ఎత్తులో కట్టాలో, అదే పనిగా మందుల మీద మందులు కొడితే ఎందుకు ఇంకా పెరుగుతుందో 6 నిమిషాల్లో చెప్పి ఊరుకున్నాను. అంతకుముందు పెట్టిన వీడియోలన్నీ కలిపినా రానంతమంది దానికి వచ్చారు. వాళ్లు నన్ను చూడటానికి రాలేదక్కా. రాత్రి నిద్రపట్టక ఫోనులో "మిరప పూతలో నల్ల పురుగు" అని వెతికితే నేను తగిలాను, అంతే.

అందుకే నా సలహా ఒక్కటే. మీ మిషను పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. జాకెట్టు పట్టుకుని వచ్చే ప్రతి మనిషి మొదటి మాటగా ఏమంటుందో ఆ మాటనే రాసుకోండి. "చంక దగ్గర ముడతలు పడుతోంది", "భుజం జారిపోతోంది", "ఉతికితే బిగుతైపోయింది", ఇలాంటివి. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో వీడియో తీయండి. శీర్షికలో కూడా ఆవిడ అన్న మాటే ఉండాలి. నెల రోజుల్లో మీకు 30 వీడియోలకు సరిపడా సరుకు దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే దొరకనిది అది.

కాలాన్ని కూడా గమనించండి. నారు గురించి జూలైలోనూ, పూత పురుగు గురించి నవంబరులోనూ వెతుకుతారు. మీకైతే శ్రావణ మాసం, పెళ్లి ముహూర్తాలు ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతం ముందురోజు వీడియో పెడితే అప్పటికే అందరి జాకెట్లూ కుట్టడం అయిపోతుంది, కనీసం మూడు నాలుగు వారాల ముందే పెట్టాలి.

షార్ట్స్ మాత్రం పూర్తిగా మానేయమంటాను. బుట్టచేతులు చూసి వేలు పైకి తోసిన 900 మంది మీ విద్యార్థులు కారు.

ఎడిటింగ్ టేబుల్

తణుకు టైలరమ్మ గారికి నమస్కారం. నేను హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఉంటూ మూడు ఛానెళ్లకు ఎడిటింగ్ చేస్తున్నాను. మీ వీడియోలు మూడు చూసిన తర్వాతే ఇది రాస్తున్నాను. మొహమాటం వద్దన్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మీ మెరూన్ వెల్వెట్ జాకెట్టు వీడియో తీసుకుందాం. మొదట దేవుడి పటం, తర్వాత నమస్కారం, తర్వాత కిందటి వీడియోకు కామెంట్లు పెట్టినవారికి ధన్యవాదాలు, తర్వాత ఛానెల్‌ను సబ్‌స్క్రైబ్ చేసి గంట గుర్తు నొక్కమన్న విన్నపం, తర్వాత ఎండల గురించి నాలుగు మాటలు వచ్చాయి. కత్తెర గుడ్డను తాకేసరికి 2 నిమిషాల 10 సెకన్లు గడిచిపోయాయి. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో తెరిచి, ప్రేక్షకులు ఎంతసేపు నిలిచారో చూపే గీతను చూడండి. మొదటి అర నిమిషంలోనే అది కొండ మీద నుంచి జారినట్టు పడిపోయి ఉంటుందని నా నమ్మకం. ఇంటికి వచ్చిన చుట్టానికి మంచినీళ్లు ఇచ్చి కుశలం అడగడం మన మర్యాదే గానీ, ఇక్కడికి వచ్చినది చుట్టం కాదు, చేతిలో పాడైన జాకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కస్టమరు. ఆవిడకు ముందు జాకెట్టు సంగతి చెప్పి, పలకరింపులు చివర పెట్టుకోవచ్చు.

రెండవది, చూపించే తీరు. మీరు బల్లకు ఎదురుగా ఫోను పెట్టి తీస్తున్నారు. అందువల్ల మీకు కుడివైపు ఉన్న మెడ చూసేవారికి ఎడమవైపున, తలకిందులుగా కనిపిస్తోంది. నేర్చుకునే మనిషి ప్రతి గీతనూ మనసులో తిప్పుకోవలసి వస్తుంది. ఫోనును మీ తల పై నుంచి, మీ చూపు ఏ దిశలో ఉందో అదే దిశలో బిగించండి. మెరూన్ వెల్వెట్ మీద గులాబీ రంగు చాక్‌తో గీశారు, ఆ గీత మీకు తప్ప ఇంకెవరికీ కనిపించలేదు. నేర్పడానికి తీసే వీడియోకు లేతరంగు కాటన్ గుడ్డ, దాని మీద నీలం చాక్ వాడితే సరిపోతుంది. అన్నట్టు, అదే వీడియోలో వెనుక భాగం కంటే ముందు భాగం చంకను అర అంగుళం లోతుగా తీయాలని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. మా ఆవిడ పక్కన కూర్చుని చూస్తూ "అదే ముఖ్యమైన మాట, మళ్లీ వెనక్కి పెట్టు" అంది. ఆ ఒక్క వాక్యమే ఒక వీడియో అవుతుంది.

మూడవది శబ్దం. మీ ఫ్యాను గాలి మైకులో హోరుమంటోంది. చిత్రం కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు గానీ, మాట వినపడకపోతే ఉండరు. తీసేటప్పుడు ఫ్యాను ఆపి, చొక్కాకు తగిలించే చిన్న మైకు ఒకటి కొనుక్కోండి. కెమెరా, లైట్లు, తిరిగే అక్షరాల ఇంట్రో వంటివాటికి ఇప్పుడు రూపాయి కూడా పెట్టవద్దు. ఇంట్రోలు చేసిచ్చేవాళ్లకు నా మీద కోపం వస్తే రానివ్వండి. వెనుక సినిమా పాట పెట్టడం కూడా మానుకోవాలి. ఇతరుల పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు, కాంటెంట్ ఐడీ, దాన్ని పట్టుకుంటే ఆ వీడియో మీద వచ్చే ఆదాయం పాట హక్కుదారులకు వెళ్లే అవకాశం ఉంది. స్టూడియోలోనే ఉచిత సంగీతం దొరుకుతుంది, అసలు మీ పనికి మిషను చప్పుడు చాలు.

థంబ్‌నెయిల్, అంటే వీడియో తెరవక ముందు కనిపించే బొమ్మ గురించి కూడా చెప్పాలి. మీ ముఖం, దాని చుట్టూ ఆరు రంగుల్లో ఆరు మాటలు ఉన్నాయి. ఫోనులో అది బొటనవేలి గోరంత కనిపిస్తుంది కాబట్టి ఒక్క మాట కూడా చదవలేం. చంక దగ్గర ముడత పడిన జాకెట్టు ఫొటో, ఆ ముడత చుట్టూ ఒక సున్నా పెడితే చాలు. ఎన్నిసార్లు ఎదురుపడితే ఎంతమంది నొక్కారో స్టూడియోలో శాతంగా ఉంటుంది. సగం ఛానెళ్లకు, వీడియోలకు అది 2 నుంచి 10 శాతం మధ్యలో ఉంటుందని యూట్యూబే చెబుతోంది కాబట్టి, మీకు 3 శాతం కనిపిస్తే బెంగపడనక్కరలేదు.

షార్ట్స్ విషయంలో పొలం గట్టు గారితో నేను ఏకీభవించను. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం మీ 4,000 గంటల లెక్కలోకి రాదన్న మాట నిజమే. కానీ ఒక షార్ట్‌కు మీ పెద్ద వీడియోను సంబంధిత వీడియోగా జతచేసే వీలు ఉంది. పెద్ద వీడియోలో ఉన్న సమస్యనే 40 సెకన్లలో చూపించి, పరిష్కారానికి అక్కడికి పంపండి. బుట్టచేతుల షార్ట్ వెనుక బుట్టచేతుల పెద్ద వీడియో లేకపోవడమే జరిగిన నష్టం, లక్షా నలభై వేలసార్లు తలుపు తట్టినా లోపల గది లేదు.

ఆ వాట్సాప్ గ్రూపు నుంచి ఈ రోజే బయటికి రండి. ఒకరికొకరు సబ్‌స్క్రైబ్ చేసుకోవడాన్ని యూట్యూబ్ నకిలీ ఆదరణగా లెక్కగట్టి నిషేధించింది. నిబంధన సంగతి అటుంచినా, ఆ 200 మందిలో ఒక్కరికీ జాకెట్టు కుట్టే అవసరం లేదు.

కొత్త గొంతు

పైవారు చెప్పినవన్నీ మంచివే గానీ, ఇంత లెక్కగా ఆలోచిస్తే ఉన్న ఉత్సాహం కూడా పోతుందేమో. గుడివాడ దగ్గర మస్తానమ్మ గారు నూరేళ్లు దాటిన వయసులో పొలం గట్టున పొయ్యి పెట్టి వంట చేస్తుంటే, 2016లో ఆమె మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి తీసి పెట్టారు. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూసే నాటికి ఆ ఛానెల్ సబ్‌స్క్రైబర్లు 10 లక్షలు దాటారు. ఆమెకు థంబ్‌నెయిల్ శాతాలు తెలుసా? టైలరమ్మ గారు తమ సహజ ధోరణిలో మాట్లాడుతూ పోతే చాలని నా అభిప్రాయం. ఆ ఎండల కబుర్లే కొందరికి నచ్చవచ్చు.

లెక్కల మాస్టారు

కొత్త గొంతు గారూ, మస్తానమ్మ గారి పుచ్చకాయలో కోడికూర నేను కూడా చూశాను. అయితే ఆమె పేరు ఎక్కడికి వచ్చినా నాకొక సందేహం కలుగుతుంది. ఆమెకు తెలియకపోవచ్చు గానీ, తీసిన కుర్రవాళ్లకు ఏం తీస్తున్నారో తెలుసు. తాటిమట్టలు, మట్టిపొయ్యి, గోళ్లతోనే అల్లం పొట్టు తీసే ఆ చేతులు తప్ప ఇంకేమీ కెమెరా ముందుకు రాలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి వారి మై విలేజ్ షో కూడా 2012లో మొదలైంది. అందులో కనిపించే గంగవ్వ గారు 2020లో బిగ్ బాస్‌కు వెళ్లేసరికి దాని వెనుక ఎనిమిదేళ్ల పని ఉంది. మనకు కనిపించేది ఆ చివరి ఏడాది మాత్రమే.

ఇక టైలరమ్మ గారి 4,000 గంటల విషయానికి వద్దాం. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 వీక్షణలు కావాలి. గడువు 12 నెలలు కాబట్టి రోజుకు సుమారు 164. రోజుకు 164 మంది అనుకుంటే అది మీ ఊరి సంతలో ఒక గంటలో కనిపించే మనుషులకంటే తక్కువ. ఒక్క వీడియోకే అంతమంది రానక్కరలేదు. రోజుకు 8 మంది వచ్చే వీడియోలు 20 ఉంటే దాదాపు సరిపోతుంది. పొలం గట్టు గారు చెప్పిన పద్ధతిలో బలం ఇక్కడే ఉంది. వెతికి చూసే వీడియో ఈ నెల రోజుకు 8 మందిని తెస్తే, వచ్చే ఏడాది ఇదే నెలలో కూడా తెస్తుంది. బుట్టచేతుల షార్ట్ ఆ పని చేయదు.

నిబంధనలను కూడా ఒకసారి సరిగా చూసుకోండి. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వాటితోపాటు గత 12 నెలల్లో 4,000 గంటలు గానీ, గత 90 రోజుల్లో 1 కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. దానికంటే కింద ఇంకొక మెట్టు 2023లో వచ్చింది. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 వీడియోలు, 12 నెలల్లో 3,000 గంటలు లేదా 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వీక్షణలు ఉంటే సభ్యత్వాలు, సూపర్ థ్యాంక్స్ వంటివి, అంటే చూసేవారే నేరుగా డబ్బు ఇచ్చే మార్గాలు తెరుచుకుంటాయి, ప్రకటనల వాటా మాత్రం రాదు. ఆ వాటా పెద్ద వీడియోలకు 55 శాతం. ఇవన్నీ దాటాక కూడా, ఖాతాలో 10 డాలర్లు చేరితే ఈ సొమ్ము చెల్లించే గూగుల్ విభాగం యాడ్‌సెన్స్ నుంచి పిన్ నంబరు తపాలాలో ఇంటికి వస్తుంది, 100 డాలర్లు చేరితే గానీ సొమ్ము బ్యాంకులో పడదు. చిరునామా ఆధార్‌లో ఉన్నట్టే ఇంటి నంబరుతో సహా రాయండి. నాకు తెలిసిన ఒకరు వీధి పేరు రాయకుండా వదిలేసి, పోస్ట్‌మ్యాన్ చుట్టూ రెండు నెలలు తిరిగారు. అమెరికాలోని ప్రేక్షకుల ద్వారా వచ్చే ఆదాయం మీద అక్కడి పన్ను కోత ఉంటుంది. పన్ను ఫారం నింపి భారతదేశంతో ఉన్న ఒప్పందాన్ని చూపితే అది 15 శాతం, ఫారం నింపకపోతే మొత్తం ఆదాయం మీదే 24 శాతం వరకు పోవచ్చు.

ఒక మాట కటువుగా చెబుతున్నాను, మన్నించండి. మీకు ఈ ఏడాది ఈ ఛానెల్ వల్ల వచ్చే డబ్బు, రోజుకొక జాకెట్టు కుట్టితే వచ్చే డబ్బుకు దరిదాపుల్లో ఉండదు. కాబట్టి రోజూ రెండు గంటలు తీసుకోకుండా, వారంలో ఒక మధ్యాహ్నాన్ని దీనికి కేటాయించి, మిగిలిన రోజులు మిషను మీదే కూర్చోండి. మీ విషయం మిషను దగ్గరే పుడుతోంది కూడా.

డాలస్ నుంచి

నేను ఛానెల్ నడిపే మనిషిని కాను, చూసే మనిషిని. ఇప్పటివరకు ఎవరూ ఆ వైపు నుంచి రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

విజయవాడలో కుట్టించుకుని తెచ్చుకున్న జాకెట్లు ఏడాది తిరిగేసరికి పట్టడం లేదు. ఇక్కడ ఒక జాకెట్టు వదులు చేయించడానికి అయ్యే ఖర్చు అడిగితే, ఊళ్లో కొత్తది కుట్టించుకోవడమే నయమనిపించింది. అందుకని అమ్మమ్మ కాలం నాటి చేతికుట్టు జ్ఞానంతో నేనే కూర్చున్నాను. నాకు జాకెట్టు కుట్టడం నేర్చుకోవాలని లేదు. పక్క కుట్టు ఎక్కడ విప్పాలి, లోపల ఎంత గుడ్డ వదిలారో ఎలా చూడాలి, చేతి కింద అతుకు వేయవలసి వస్తే ఎలా వేయాలి, ఈ మూడు ప్రశ్నలే ఉన్నాయి. వెతికితే మొత్తం జాకెట్టు కుట్టే వీడియోలే వరుసగా వచ్చాయి. అరగంట వీడియోలో నా సమస్య ఏ నిమిషంలో ఉందో తెలియక వదిలేశాను.

ఇంకొక విషయం. మేము ఇంట్లో జాకెట్టు అంటాం, నా స్నేహితురాలు కరీంనగర్ అమ్మాయి, వాళ్ల నాయనమ్మ రవిక అంటుంది. కానీ వెతికేటప్పుడు మా ఇద్దరి వేళ్లూ బ్లౌజ్ అనే టైపు చేస్తాయి, అది కూడా ఇంగ్లీషు అక్షరాలతో. మీ శీర్షికలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయని గమనించాను. చూడటానికి అందంగా ఉంది, దాన్ని మార్చమనను. కింది వివరణలో అదే మాటను ఇంగ్లీషు అక్షరాలతో కూడా ఒకసారి రాస్తే నాలాంటివారికి కనిపిస్తారేమో ఆలోచించండి. మీరు నోటితో చెప్పే కొలతలు తెర మీద అంకెలుగా కూడా పడాలి. నేను శనివారం ఉదయం టీవీలో పెట్టుకుని, ఆపుకుంటూ కత్తిరిస్తాను. చేతిలో కత్తెర ఉన్నప్పుడు వెనక్కి తిప్పి వినడం కుదరదు.

చివరిగా, రెండు పెద్ద ఛానెళ్లలో నా సందేహం కామెంటుగా పెట్టాను, జవాబు రాలేదు. ఒక చిన్న ఛానెల్ ఆవిడ మాత్రం మర్నాటికే నాలుగు వాక్యాలు రాసింది. ఆవిడ వీడియోల నాణ్యత అంతంతమాత్రమే అయినా, అప్పటి నుంచి ఏది పెట్టినా చూస్తున్నాను.

తణుకు టైలరమ్మ (7 వారాల తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. వెంటనే జవాబు రాయకుండా, చెప్పినవి చేసి చూశాక రాద్దామని ఆగాను.

ముందుగా ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. వారంలో మంగళవారం మధ్యాహ్నం ఒక్కటే వీడియోకు పెట్టుకున్నాను. నోటుబుక్కులో ఇప్పటికి 47 మాటలు చేరాయి. రాయడం మొదలుపెట్టాక నాకే ఆశ్చర్యం కలిగింది. అత్యధికంగా వచ్చే ఫిర్యాదు మెడ డిజైన్ గురించే ఉంటుందని ఇన్నేళ్లూ అనుకునేదాన్ని. 47లో 11 చంక గురించి, 8 భుజం జారడం గురించి ఉన్నాయి. మెడ గురించి రెండే ఉన్నాయి, నేనేమో మెడ డిజైన్ల మీద 9 వీడియోలు తీశాను.

మొదట చంక ముడతల మీద 6 నిమిషాల వీడియో తీశాను. మా వీధి చివరి ఆవిడ ఎక్కడో కుట్టించుకున్న జాకెట్టు తెచ్చి ఇచ్చింది. మొదటి మాటే "ఈ ముడత చూడండి" అని మొదలుపెట్టి, కుట్టు విప్పి, ముందు భాగాన్ని వెనుక భాగం మీద పరిచి, రెండు చంకలూ ఒకే లోతులో ఉన్నాయని టేపు పెట్టి చూపించాను. ఆ తర్వాత ముందు భాగంలో అర అంగుళం గీసి, కత్తిరించి, మళ్లీ కుట్టి, ఆవిడకే తొడిగించి చూపించాను. పలకరింపులు చివర్లో పెట్టాను. నమస్కారం లేకుండా మొదలుపెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ చేదుగానే ఉంది. అందుకని చేతులు జోడించిన క్షణం ఒకటి, మాట లేకుండా ఉంచుకున్నాను, ఎడిటింగ్ టేబుల్ గారు క్షమించాలి.

పది రోజులపాటు 90 మందే చూశారు. ఇది కూడా పోయిందనుకున్నాను. తర్వాత రోజుకు 20, తర్వాత 60 అలా పెరుగుతూ నిన్నటికి 2,600 వీక్షణలు వచ్చాయి. సగటున 3 నిమిషాల 20 సెకన్లు చూస్తున్నారు, ఎక్కువమంది వెతుకుతూ వచ్చినవారే. ఒక్క వీడియోకే 144 గంటలు వచ్చాయి. 8 నెలల కష్టానికి వచ్చినవి 61. సబ్‌స్క్రైబర్లు 70 మందే పెరిగారు, అది తక్కువా ఎక్కువా నాకు తెలియదు. కామెంట్లు మాత్రం 41 వచ్చాయి, అన్నిటికీ రాత్రి అన్నం తిన్నాక కూర్చుని జవాబు రాస్తున్నాను. వాటిలోంచే నోటుబుక్కులోకి ఇంకో 6 మాటలు వెళ్లాయి.

అన్నీ కుదరలేదు. లైనింగ్ గుడ్డను ముందు నానబెట్టి ఆరబెట్టకపోతే ఉతికాక జాకెట్టు ఎందుకు బిగుతవుతుందో చెప్పిన వీడియోకు 110 మందే వచ్చారు. అది చాలా అవసరమైన విషయమని నేననుకుంటాను గానీ, జాకెట్టు పాడైపోయాక దాని కోసం ఎవరూ వెతకరేమో. ఫోనును తల పై నుంచి బిగించడానికి గోడ మీది అటక చెక్కకు తాడుతో కట్టాను. చెక్క గట్టిగానే ఉంది గానీ, వెనుక ట్యూబ్‌లైటు ఉండటం వల్ల గీత గీసిన ప్రతిసారీ నా తల నీడ దాని మీదే పడుతోంది. మధ్యాహ్నం మూడు గంటలకు వీధి వాకిలి నుంచి వెలుగు పక్కగా వస్తుంది కాబట్టి ప్రస్తుతానికి ఆ గంటలోనే తీస్తున్నాను. షార్ట్స్ విషయంలో ఇద్దరి మాటనూ సగం సగం విన్నాను. వారానికి ఒక్కటే పెడుతున్నాను, దానికి పెద్ద వీడియోను జతచేస్తున్నాను.

డాలస్ నుంచి రాసిన చెల్లెమ్మా, వచ్చే మంగళవారం తీయబోయేది మీ జాకెట్టే. పక్క కుట్టు విప్పక ముందు, జాకెట్టును లోపలి వైపు తిప్పి, చంక కింద నుంచి నడుము వరకు కనిపించేలా, పక్కన టేపు పెట్టి ఒక ఫొటో ఇక్కడ పెట్టగలరా? లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ ఉంటే ఒక పద్ధతి, అర అంగుళమే ఉంటే అతుకు వేయాలి. మీది ఏదో చూశాక గుడ్డ తెచ్చుకుంటాను.

డాలస్ నుంచి

అక్కా, ఫొటో పెట్టాను. ఎడమ పక్క ముప్పావు అంగుళం ఉంది, కుడి పక్క అర అంగుళమే ఉంది. రెండు పక్కలా వేర్వేరుగా ఎందుకు వదిలారో నాకు అర్థం కాలేదు.

తణుకు టైలరమ్మ

చూశాను. కటింగ్‌లో గుడ్డ మడత సరిగా పడనప్పుడు అలా జరుగుతుంది. అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.